విడుపు లేని తోకచుక్క

అంబత్తూరు,
ఆదివారం.

చెల్లెలు మాధవికి,

అక్క వాణి మనసారా దీవిస్తూ అంబత్తూరు నుంచి రాస్తున్నది. నేనూ మీ బావా ఇక్కడ బాగానే ఉన్నాం. మీరందరూ బాగున్నారా అని అడగడం ఆనవాయితీ కాబట్టి అడుగుతున్నాను. నువ్వు బాగా లేవని నాకు తెలుసు. కాళ్ళ వాపు తగ్గిందా? తలనొప్పి వస్తున్నదా? కళ్ళు మసకలు కమ్ముతున్నాయా? ముందు వీటికి జవాబు చెప్పు, మిగతా కబుర్లు తర్వాత.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. నేను ఫోన్ చేసినప్పుడల్లా మీ అత్త పక్కన చేరి స్పీకర్ పెట్టమంటుంది. నువ్వు "ఆ, బాగున్నానక్కా" తప్ప రెండో మాట మాట్లాడవు. ఉత్తరానికి స్పీకర్ లేదు. ఆవిడకి చదువు రాదు కాబట్టి నిన్నే చదివి వినిపించమంటుంది. ఎక్కడ గట్టిగా చదవాలో, ఎక్కడ లోపల చదువుకోవాలో నేనే చెబుతాను. ఇప్పటివరకు రాసింది లోపలే చదువుకో. అడిగితే వాతావరణం గురించి రాసిందని చెప్పు.

నీ చేత అబద్ధం ఆడించడం ఎందుకు, వాతావరణం గురించి నిజంగానే రాస్తాను. ఇది గట్టిగా చదువు. ఈ ఊళ్ళో వాన వస్తాను వస్తానని బెదిరించడమే గానీ రావడం లేదు. ఉక్కపోత మాత్రం రాత్రీ పగలూ మనిషిని వదలదు. ఇక్కడి తమిళులని అడిగితే సాయంత్రమైతే సముద్రం గాలి వస్తుందని గొప్పగా చెబుతారు. ఆ గాలి అంబత్తూరు దాకా రావడం నేనింతవరకు చూడలేదు, దారిలో డబ్బున్నవాళ్ళు దింపుకుంటారేమో. మీ బావకి లేత్ మీద పని ఎక్కువైంది. నేను రబ్బరు కంపెనీ చెకింగులోనే ఉన్నాను. పొద్దస్తమానం రబ్బరు రింగుల్ని లైటు కింద తిప్పి చూసి, గీత పడ్డవి ఒక డబ్బాలో, బాగున్నవి ఒక డబ్బాలో వేస్తాను. కొత్త సూపర్‌వైజరు ఒకడొచ్చాడు, మీసం ఇంకా సరిగా రాలేదు. మేము మంచినీళ్ళకి లేచినా గడియారం చూస్తాడు. తను మాత్రం టీకి వెళ్తే ఆ టీ ఆకు తోటలో కోసుకుని వస్తాడేమో అనిపిస్తుంది.

తిండి సంగతి ఏం చెప్పను. కంపెనీ క్యాంటీన్‌లో రోజూ సాంబారు. ములక్కాయ ముక్క స్నానం చేసి వెళ్ళిపోయిన నీళ్ళని వీళ్ళు సాంబారు అంటారు. మన వైపు కారం పేరెత్తితే చెవులు మూసుకుంటారు. కొత్త చింతకాయ తొక్కు కొంచెం ఎవరైనా వస్తుంటే ఇచ్చి పంపించు. ఈమధ్య దాని మీదికే పోతున్నది మనసు.

ఇక్కడి నుంచి మళ్ళీ లోపల చదువుకో.

మీ పక్కింటి అంగన్‌వాడీ టీచరు రమ పోయిన వారం ఫోన్ చేసి అంతా చెప్పింది. టీవీలో ఎవరో జ్యోతిష్కుడు, మెడ నిండా రుద్రాక్షలూ చేతికి బంగారు గడియారమూ పెట్టుకుని, పడమట తోకచుక్క వచ్చింది, గర్భిణీలు చూస్తే బిడ్డకు గండం అన్నాడట. మీ అత్త ఆ మాట పట్టుకుని, పొద్దు వాలకముందే నిన్ను లోపలికి పంపి పడమటి కిటికీకి దుప్పటి కడుతున్నదట. ఊరగాయ జాడీల మీద దర్భలు వేసిందట. కందుకూరులో లేడీ డాక్టరు గురువారం సాయంత్రమే కూర్చుంటుంది, మన ఊరి నుంచి బస్సు పడమటి వైపే పోతుంది, ఎదురుగా తోకచుక్క ఉంటుంది, కాబట్టి ఆస్పత్రే వద్దన్నదట. బీపీ ఎక్కువగా ఉంది, వారం వారం వచ్చి చూపించుకోవాలి, లేకపోతే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం అని ఆ డాక్టరమ్మ నీ మొహం మీదే చెప్పింది. చెప్పాక రెండు గురువారాలు ఇంట్లోనే గడిచిపోయాయి.

గ్రహణమంటే నాకు అర్థమవుతుంది మాధవీ. పట్టు ఎప్పుడో విడుపు ఎప్పుడో పంచాంగంలో ఉంటుంది. ఆ కాసేపు కదలకుండా పడుకుంటే పెద్దవాళ్ళ మనసు కుదుటపడుతుంది, విడుపు స్నానం చేసి అన్నం తింటాం. నేను మొదటిసారి నీళ్ళోసుకున్నప్పుడు అమ్మ నన్నూ అలాగే పడుకోబెట్టింది, దోమ కుట్టినా గోకలేదు. అయినా ఆ బిడ్డ నిలవలేదు, అది వేరే సంగతి. కానీ తోకచుక్కకి విడుపు ఎవరు చెబుతారు? అది వచ్చిందంటే వారాల తరబడి ఉంటుంది. మీ అత్త గ్రహణం మడి అంతా తెచ్చి తోకచుక్కకి అంటగట్టింది. ఊరగాయకైతే దర్భ వేసింది సరే, నీ బీపీకి ఏం వేసింది?

ఇక మీ ఆయన. నేను విడిగా ఫోన్ చేసి అడిగితే, "అమ్మ మాట ఎట్లా కాదంటాం వదినా, నాలుగు రోజులు పోనీండి" అన్నాడు. అంత పెద్ద ట్రాక్టరు నడుపుతాడు, సొంత ఇంట్లో మాత్రం రివర్స్ గేరు తప్ప తెలియదు. ఉత్తరం అతను చదివితే చదవనీ. అతని కోసమే రాశాను.

అప్పుడు నాకు పంతం వచ్చింది. మా చెల్లెల్ని ఇంట్లో కట్టిపడేసిన ఆ తోకచుక్క మహానుభావురాలు ఎలా ఉంటుందో నా కళ్ళతో చూసి, ఉన్నదున్నట్టు మీ అత్తకి రాయాలనుకున్నాను. చూసినవాళ్ళ మాటకి టీవీ వాడి మాట కన్నా కాస్తయినా విలువ ఉంటుంది కదా అని.

మొదటి రోజు పని నుంచి రాగానే మా డాబా ఎక్కాను. పడమటి వైపు నీళ్ళ ట్యాంకు, దాని వెనక సెల్ టవరు, దాని వెనక నాలుగంతస్తుల ఇల్లు, ఆ ఇంటి మీద ఏదో నగల కొట్టు హోర్డింగు. ఆకాశం ఎక్కడుందో వెతుక్కోవాలి. మా ఇంటి ఓనరమ్మ మంగమ్మగారు ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చింది. వీళ్ళ తాతల కాలం నుంచీ ఇక్కడే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ అది మన చెవికి కొత్త తెలుగు.

"ఏంది మా, ఆడ చూస్తా ఉండావు?" అన్నది.

తోకచుక్క కోసమని చెప్పాను.

"ఈడ చంద్రుడే సెరిగా కనబడడు, నీకు తోకచుక్క కావాల్నా? అది మంచిది కాదు మా. దాని పేరు కూడా ఎత్తగూడదు. మొన్న మా వీధి చివర టైరు పంచరైంది, దానివల్లే."

ఎవరి టైరని అడిగాను. నీళ్ళ లారీదట. వీధి నిండా గుంతలూ మేకులూ పెట్టుకుని, టైరు పంచరైతే ఆకాశాన్ని తిడతారు. ఆ మాట పైకి అంటే ఇల్లు ఖాళీ చెయ్యమంటుందని భయం. చీకటి పడేదాకా మెడ నొప్పెట్టేలా చూశాను. హోర్డింగులో నగలు పెట్టుకున్న అమ్మాయి తప్ప ఏమీ కనిపించలేదు.

రెండోసారి పక్క వీధి అపార్ట్‌మెంటుకి వెళ్ళాను. అక్కడ సారథిగారని రిటైరైన బ్యాంకు మేనేజరు ఉన్నాడు. ఆయన దగ్గర బైనాక్యులర్ ఉంది. ఫోన్లలో గ్రూపు పెట్టి, తోకచుక్క చూడాలనుకునేవాళ్ళు తన డాబా మీదికి రావచ్చని అందరికీ చెప్పాడు. మంగమ్మగారి కోడలు నాకు ఆ కబురు చెప్పింది. వెళ్ళి చూస్తే డాబా మీద తిరునాళ్ళ. ఒకావిడ శనగ గుగ్గిళ్ళు చేసి తెచ్చింది. నలుగురు మగవాళ్ళు తోకచుక్క గురించి ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటున్నారు, ఒక్కరూ పడమటికి తిరగలేదు. ఆడవాళ్ళు దాన్ని వెనక పెట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. అది ఎక్కడుందో తెలియకుండానే.

పొద్దు కుంకగానే ఒకాయన వేలు చూపించి "అదో, అదే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అది శుక్రుడు. మన ఊళ్ళో పశువులు తోలుకొచ్చే పిల్లలకి కూడా తెలిసిన చుక్క. సారథిగారు కాదని చెప్పినా ఆయన వినలేదు, ఫోటో తీసి అప్పటికే అందరికీ పంపేశానన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ తర్వాత ఒక విమానాన్ని కూడా తోకచుక్క అన్నారు. అది ఎర్ర దీపం వెలిగించుకుంటూ వెళ్ళి దిగిపోయింది.

వీధి దీపాల వెలుగు వల్ల కనబడడం లేదని సారథిగారు అన్నాడు. కరెంటు పోతే బాగుండునన్నారు ఎవరో. ఈ ఊళ్ళో కరెంటు పోవాలని మొక్కుకున్న జనాన్ని మొదటిసారి చూశాను. వాళ్ళ మొక్కు ఫలించి కాసేపటికి నిజంగానే పోయింది. వెంటనే అపార్ట్‌మెంటు జనరేటరు ఆన్ అయింది. డాబా మెట్ల పైన పెద్ద లైటు మా కళ్ళల్లో పడేటట్టు వెలిగింది. దాన్ని ఆపే స్విచ్చు ఎక్కడుందో పాతికేళ్ళుగా అక్కడ ఉన్నవాళ్ళకి ఒక్కరికీ తెలియదు. మళ్ళీ అందరూ గుగ్గిళ్ళు తిన్నారు.

నేను వచ్చేస్తుంటే సారథిగారు మెట్ల దగ్గర ఆపాడు. "నువ్వు ఒకతివే మా, నిజంగా దాన్ని చూడాలని వచ్చింది. రేపు చెరువు కట్టకు రా. ఆడ పడమర ఓపెన్‌గా ఉంటాది" అన్నాడు. ఆయన మీద నాకున్న చిరాకు కొంచెం తగ్గింది. మొత్తం పోలేదు. అంత తెలిసినవాడు ఆ మందని ముందే కట్టకి తీసుకుపోవచ్చు కదా.

మర్నాడు మీ బావని బండి తియ్యమన్నాను. "ఎందుకే నీకిప్పుడు ఈ ఆకాశాల గోల? కుదురుగా కూర్చోవచ్చు కదా" అని దారంతా గొణిగాడు. గొణుగుతూనే గుంత వచ్చిన ప్రతిచోటా బండి ఆపేసినంత పని చేశాడు. నడిచినా అంతకంటే ముందు చేరేవాళ్ళం.

అంబత్తూరు చెరువు కట్ట గురించి గొప్పగా ఊహించుకోకు. నీళ్ళకన్నా ముందు వాసన పలకరిస్తుంది. కొబ్బరి బోండాలు, ప్లాస్టిక్ కవర్లు, ఎవరో పాత దేవుడి పటాలు కూడా తెచ్చి పారేశారు. దోమలు చెయ్యి ఊపితే చేతికి తగులుతున్నాయి. కానీ సారథిగారు చెప్పింది నిజమే, నీళ్ళ అవతల పడమర ఎదురుగా తెరిచి ఉంది. సూర్యుడు పోయాక దిగువన ఎర్రగా, పైన బూడిద రంగుగా మసక. ఆ మసకలో ఎక్కడో ఉందట. ఆయన, నేను, బండి మీద కూర్చుని ఫోన్ చూసుకునే మీ బావ, అంతే. గుగ్గిళ్ళ బ్యాచి ఒక్కరూ రాలేదు.

ఆయన బైనాక్యులర్ నా చేతికిచ్చి ఎటు చూడాలో చెప్పాడు. దూరంగా ఒక పొగగొట్టం ఉంది, దాని పైన శుక్రుడు, ఆ రెంటికీ మధ్య కుడి పక్కకి. చూశాను. బూడిద రంగు తప్ప ఏమీ లేదు.

"దాన్నే పట్టుకుని చూస్తే కనబడదు మా. కొంచెం పక్కన చూడు, అప్పుడు తెలుస్తాది" అన్నాడు.

పక్కన చూస్తే కనబడే వస్తువు నా జీవితంలో సూపర్‌వైజరు ఒక్కడే అనుకున్నాను. అయినా చూశాను. చేతులు వణకకుండా మోచేతులు కట్ట గోడకి ఆనించాను. చాలాసేపటికి ఒక మరక కనిపించింది. స్టీలు పళ్ళెం మీద తడి వేలు పెడితే మిగిలే మరక. చూస్తే ఉంది, ఊపిరి వదిలితే లేదు. తోక ఉందా అని అడిగితే, తోక ఫోటోల్లో వస్తుంది గానీ కంటికి ఈ మాత్రమే అన్నాడు.

ఇదా అనుకున్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. రబ్బరు రింగు మీద ఇలాంటి మరక ఉంటే నేను గుడ్డతో తుడిచి మంచి డబ్బాలోనే వేస్తాను. దీని కోసమా మా చెల్లెలి కిటికీకి దుప్పట్లు కట్టింది, దీనికా బస్సు ఆగిపోయింది. ఆ టీవీ జ్యోతిష్కుణ్ణి తీసుకొచ్చి ఈ దోమల్లో నిలబెట్టి, గండం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని అడగాలనిపించింది. నవ్వు కూడా వచ్చింది.

నవ్వుతుండగానే నా చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది. కొంగు లాగి కడుపు కప్పేసుకున్నాను, ఎవరో చూడకూడనివాళ్ళు చూసినట్టు. చూడకుండా ఉండవలసిందేమో అనుకున్నాను మాధవీ. నిజంగా అనుకున్నాను.

అవును, నాకు ఐదో నెల. మీ బావకి, ఇక్కడి డాక్టరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా చెప్పలేదు. ఇంతకు ముందు రెండుసార్లు అందరికీ చెప్పాను, రెండుసార్లూ అందరూ వచ్చి ఓదార్చి వెళ్ళారు. ఆ ఓదార్పులు ఇంకోసారి వినే ఓపిక నాకు లేదు. కడుపు బాగా కనిపించేదాకా నోరు మూసుకుందామనుకున్నాను.

మీ అత్తని ఇన్ని మాటలన్నదాన్ని, కట్ట మీద అచ్చం ఆవిడలాగే నిలబడ్డాను. నా మీద నాకే రోత పుట్టింది. మీ బావ బండి మీది నుంచి అంతా చూశాడు. దగ్గరికి వచ్చి, "పోదాం పద" అన్నాడు. అతని మొహం కూడా పాలిపోయింది. లేత్ మీద ఇనుమును వెన్నలా కోసే మనిషి. అతన్ని చూశాక నాకు ధైర్యం వచ్చింది, ఇద్దరం భయపడితే ఎలా అని. కొంగు తీసేశాను. సారథిగారిని అడిగి బైనాక్యులర్ మళ్ళీ తీసుకున్నాను. మరక ఇంకా కిందికి దిగింది. అది మసకలో కలిసిపోయేదాకా చూశాను. ఆ తర్వాత మీ బావ కూడా చూశాడు. "ఏమీ లేదే" అన్నాడు. లేదు గాక లేదు.

ఆ మరుసటి సాయంత్రం నా చెకప్ ఉంటే వెళ్ళాను. నర్సు కడుపు మీద చల్లటి జిగురు రాసి, మిషను పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గుర్రం పరిగెత్తినట్టు టకటకా కొట్టుకుంటున్నది. బల్ల మీద పడుకుని ఏడ్చాను. ఏడుస్తూ నీ గురించే ఆలోచించాను. నీ బిడ్డ గుండె కూడా ఎవరో ఒకరు వినాలి కదే. రెండు వారాలుగా ఎవరూ వినలేదు.

ఇప్పుడు వచ్చేది గట్టిగా చదువు. తడబడకుండా, ఆవిడ ఎదురుగా కూర్చుని చదువు.

అత్తయ్యగారూ, నేను వాణిని. మీరు భయపడేది మా చెల్లెలి బిడ్డ కోసమేనని నాకు తెలుసు. నాకూ భయం వేసింది. నేను ఐదో నెల కడుపుతో తోకచుక్కని చూశాను. పొరపాటున కాదు, వెతుక్కుంటూ వెళ్ళి, ఒకసారి కాదు, రెండుసార్లు. దానికి కోపమే వస్తే అది ముందు నా ఇంటికి రావాలి. మాధవి దాన్ని చూడనక్కర్లేదు. మీకు అంత అనుమానంగా ఉంటే కళ్ళకి గుడ్డ కట్టండి, గొడుగు అడ్డం పట్టండి, బస్సులో తూర్పు మొహంగా కూర్చోబెట్టండి, మీ ఇష్టం. కానీ ఈ గురువారం బస్సెక్కించండి. మీరే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. బీపీ అనేది పొద్దు వాలేదాకా ఆగదు, పంచాంగం అడగదు. అది మనిషిని ఎలా తీసుకుపోతుందో మా అమ్మ విషయంలో మీరూ చూశారు, నేనూ చూశాను.

గట్టిగా చదవడం ఇక్కడితో చాలు.

మాధవీ, గురువారం ఆవిడ ఒప్పుకోకపోతే రమతో కలిసి వెళ్ళు. తిడితే నా పేరు చెప్పు. నన్ను తిట్టడం ఆవిడకి కొత్త కాదు, నాకూ కొత్త కాదు. ఆ రాత్రి ఫోన్ చేస్తాను. స్పీకర్ పెట్టమంటే పెట్టు, బీపీ ఎంతుందో ఆవిడ వినేటట్టే చెప్పు. ఉప్పు తగ్గించు. ఎడమ పక్కకి తిరిగి పడుకో. నాన్నకి నా నమస్కారాలు, నా సంగతి నువ్వే మెల్లగా చెప్పు, ఒక్కసారిగా చెబితే ఆయన తట్టుకోలేడు. మీ ఆయనకి నా దీవెనలు, నోరు కూడా రావాలని దేవుడికి దండం పెడుతున్నాను.

చివరిగా ఒకటి, ఇది నేను రాయననుకున్నాను. ఆవిడ నన్ను తిట్టుకోవడం అయిపోయాక, నన్నూ ఒక్కసారి దీవించమని అడుగు. నేను అడగమన్నానని చెప్పే అడుగు. అమ్మ లేదు. కడుపుతో ఉన్న ఆడపిల్ల నెత్తిన చెయ్యి పెట్టే పెద్దది మనిద్దరికీ కలిపి ఇప్పుడు ఆవిడొక్కతే ఉంది.

మీ అక్క
వాణి